నాయకత్వమా, విధేయతా?

ఆటలాడే యువతీయువకులకు నాయకత్వం నేర్పాలన్న మాట ఇటీవల మన విద్యాలయాల్లో బాగా ప్రచారంలోకి వచ్చింది. కళాశాలల్లోనూ, క్రీడా వసతి గృహాల్లోనూ, రుసుము పుచ్చుకొని ఆటలు నేర్పే అకాడెమీల్లోనూ ఇందుకోసం ప్రత్యేక శిబిరాలు జరుగుతున్నాయి. బంతి తన్నడమూ, కూతకు పోవడమూ, పరుగు తీయడమూ నేర్పితే చాలదట. ఆటగాణ్ణి నాయకుడుగా తీర్చిదిద్దాలట. పైకి చూస్తే ఈ మాటలో తప్పు పట్టవలసింది ఏమీ కనిపించదు. నేనూ కళాశాలలో పాఠాలు చెప్పుకునేవాణ్ణే. నా తరగతిలో కూర్చునే ఆటగాళ్ళు నలుగురిలో ధైర్యంగా మాట్లాడాలనీ, తోటివాళ్ళను కలుపుకుపోవాలనీ, కష్టకాలంలో నిబ్బరం కోల్పోకూడదనీ నాకూ ఉంటుంది. అయితే ఒక మంచి మాటను ఎవరు, ఎవరికి, ఏ ప్రయోజనం కోసం చెబుతున్నారో విచారించకుండా తల ఊపడం అభ్యుదయవాదుల పద్ధతి కాదు. విచారించిన మీదట నాకు తేలింది ఇది: ప్రశ్నించే హక్కూ, నిర్ణయాల్లో పాలూ లేని చోట నాయకత్వం నేర్పడం అసాధ్యం. అట్లాంటి చోట ఆ పేరుతో నేర్పేది విధేయత మాత్రమే.

ఇంతకూ ఈ శిబిరాల్లో చెప్పేదేమిటి? నేను కొన్నింటిలో వెనక బెంచీ మీద కూర్చుని విన్నాను. వక్తలు మారుతారు గాని బోధ మారదు. దాని సారాంశం మూడు సూత్రాలు. మొదటిది: జట్టుకు నాయకుడు ఒక్కడే; అతనిలో కొన్ని విశిష్ట లక్షణాలు ఉంటాయి; తక్కినవాళ్ళు అతని వెంట నడవాలి. రెండవది: గెలుపోటములు మనస్సులో ఉన్నాయి, పరిస్థితులను సాకుగా చూపేవాడు ముందే ఓడిపోయాడు. మూడవది: నాయకుడు ఫిర్యాదు చెయ్యడు.

ఈ సూత్రాలను విడదీసి చూడండి. మొదటిది పదకొండు మందిలో పదిమందిని అనుచరులుగా దిగజారుస్తుంది. రెండవది అర్ధాకలిని మనోదౌర్బల్యంగా మార్చివేస్తుంది. మూడవది మిగిలిన నోళ్ళు మూస్తుంది. ఇవే మాటలు ఒక కర్మాగారంలో కార్మికులకు చెబితే యజమాని ఎంత సంతోషిస్తాడో వేరే చెప్పనక్కర లేదు. కంపెనీలు తమ ఉద్యోగులకు ఇప్పించే ఉపన్యాసాలే క్రీడాదుస్తులు తొడుక్కుని మైదానంలోకి దిగాయి. అందుకే ఈ శిబిరాల్లో చెప్పనివి చెప్పినవాటికంటే ముఖ్యమైనవి. జట్టును ఎవరు ఎంపిక చేస్తారు, ఏ ప్రాతిపదిక మీద చేస్తారు? దినభత్యానికి మంజూరైన డబ్బు ఎంత, చేతికి అందింది ఎంత? ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి మైదానంలో గది ఎందుకు లేదు? శిక్షకుడు చెయ్యి చేసుకుంటే ఎవరికి చెప్పుకోవాలి? ఈ ప్రశ్నలు ఏ నాయకత్వ శిబిరంలోనూ నా చెవిన పడలేదు.

మన ఆటగాళ్ళు ఎవరో గూడా గుర్తు చేసుకోవాలి. నా తరగతుల్లో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడేవాళ్ళు ఎక్కువమంది కౌలు రైతుల పిల్లలు, కూలి జనం పిల్లలు, ఆటో నడిపేవాళ్ళ పిల్లలు. ఆట వాళ్ళకు కాలక్షేపం కాదు. వసతిగృహంలో సీటు, పై చదువులో ప్రవేశం, పోలీసు శాఖలోనో రైల్వేలోనో ఒక ఉద్యోగం — ఈ ఆశలన్నీ ఆటకు ముడిపడి ఉన్నాయి. ఆ ముడి విప్పేదీ బిగించేదీ ఒక సర్టిఫికెట్, దాని కింద ఒకరి సంతకం. ఆ సంతకం చేసే మనిషి ఎదుట పద్ధెనిమిదేళ్ళ పిల్ల నోరు విప్పుతుందా? ఇది ఆమె వ్యక్తిత్వ లోపం కాదు, ఆమె నిలబడిన చోటు అటువంటిది. ఆ చోటును మార్చకుండా ఆమె వ్యక్తిత్వాన్ని వికసింపజేస్తామనడం, కాళ్ళు కట్టేసి పరుగు నేర్పడం లాంటిది.

నేనెరిగిన ఒక కళాశాలలో అమ్మాయిల కబడ్డీ జట్టుకు రెండు రోజులు నాయకత్వ శిక్షణ ఇప్పించారు. జట్టు కెప్టెన్ చురుకైన పిల్ల. శిబిరంలో అందరికంటే బాగా మాట్లాడిందని మెచ్చుకుని ఆమెకు ప్రశంసాపత్రం ఇచ్చారు. తరువాత పక్షం రోజులకు అంతర కళాశాలల పోటీలకు వెళ్ళారు. రాత్రి ఒక తరగతి గదిలో బల్లలు జరిపి పడుకోబెట్టారు. భోజనం డబ్బులు సగమే చేతికి వచ్చాయి. తిరిగి వచ్చాక ఆ పిల్ల తక్కిన సగం సంగతి అడిగింది. గొడవ చెయ్యలేదు, మర్యాదగానే అడిగింది. వచ్చే పోటీల నాటికి ఆమె కెప్టెన్ కాదు. క్రమశిక్షణ లేదన్నారు. ఆమె మళ్ళీ ఏమీ అడగలేదు. జట్టులో తక్కిన పదకొండు మందీ అంతకంటే అడగలేదు. ఆ జట్టుకు నాయకత్వ పాఠం ఆ రోజుతో పూర్తయింది. శిబిరంలో రెండు రోజులు చెప్పిన దానికంటే అది ఎక్కువ కాలం వాళ్ళకు గుర్తుంటుంది.

ఈ సిద్ధాంతం కొత్తది కాదు. ఆటలతో నాయకులను తయారు చెయ్యవచ్చునన్న నమ్మకం 19వ శతాబ్దపు ఇంగ్లండులో, ధనికుల పిల్లలు చదివే పాఠశాలల్లో బలపడింది. థామస్ ఆర్నాల్డ్ 1828 నుంచి 1842 దాకా ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న రగ్బీ పాఠశాలలో పెద్ద తరగతుల పిల్లలకు చిన్న తరగతుల పిల్లల మీద అధికారం ఇచ్చే పద్ధతి ఉండేది. ఆ పాఠశాల జీవితాన్ని కీర్తిస్తూ 1857లో థామస్ హ్యూస్ వ్రాసిన నవల ఈ ఆదర్శాన్ని ఇంగ్లీషు చదివేవాళ్ళున్న ప్రతి చోటికీ మోసుకుపోయింది. సామ్రాజ్యానికి కావలసింది పైవాళ్ళ ఆజ్ఞ శిరసావహించి కిందివాళ్ళ చేత ఆజ్ఞ పాటింపజేసే యువకులు. క్రికెట్ మైదానం వాళ్ళను తయారు చేసే కార్ఖానా అయింది. ఆ కార్ఖానాకు మన దేశంలో గూడా శాఖలు తెరిచారు. 1870లో రాజకోటలో రాజకుమార్ కాలేజీ, 1875లో అజ్మీరులో మేయో కాలేజీ సంస్థానాధీశుల పిల్లల కోసమే స్థాపించారు. అక్కడ ఆటలాడించి నేర్పిన నాయకత్వం ఎట్లాంటిదంటే, తెల్లదొర ముందు వంగడమూ, తన రైతు ముందు నిటారుగా నిలబడడమూ.

ఈ శిక్షణ ఫలితం చూడాలంటే తెలుగువాళ్ళు దూరం పోనక్కర లేదు. విజయనగరం మహారాజకుమారుడు, విజ్జీగా లోకానికి తెలిసినవాడు, మేయో కాలేజీలోనూ, ఇంగ్లండులో హేలీబరీలోనూ చదివాడు. నాయకత్వం పాఠాలతో వచ్చేదైతే అతనికంటే మంచి నాయకుడు ఉండకూడదు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు అతను కెప్టెన్. ఆ కెప్టెన్సీ తెచ్చింది అతని బ్యాటు కాదు, డబ్బూ పలుకుబడీను. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్సులు ఆడి అతను చేసిన పరుగులు 33. జట్టులో మంచి ఊపు మీద ఉన్న లాలా అమరనాథ్‌ను క్రమశిక్షణ లేదన్న నెపంతో మొదటి టెస్టుకు ముందే స్వదేశానికి పంపించివేశారు. తరువాత బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి బోమాంట్ ఆధ్వర్యాన జరిగిన విచారణలో అమరనాథ్ నిర్దోషి అని తేలింది. అదే జట్టులో, భారతదేశపు మొట్టమొదటి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు మామూలు ఆటగాడుగా విజ్జీ కింద ఆడవలసి వచ్చింది. నాగపూరులో పుట్టిన ఈ తెలుగు కుటుంబీకుడికి ఏ రాచ కళాశాలా నాయకత్వం నేర్పలేదు. జట్టు ఓడిపోయింది. కెప్టెన్‌కు మాత్రం ఆ పర్యటనలోనే సర్ బిరుదు దక్కింది. బ్రిటిషు ప్రభుత్వం దృష్టిలో అతను నేర్చుకోవలసిన నాయకత్వం నేర్చుకున్నట్టే గదా! గురజాడ కొలువు చేసిన సంస్థానపు వంశంలోనే ఇది జరిగింది. కన్యాశుల్కం చదివినవాళ్ళకు ఆశ్చర్యం కలగదు. వెంకటేశానికి గిరీశం చెప్పిన చదువు చూచినవాళ్ళం మనం; చదువు పేరుతో ఏమి అంటగట్టవచ్చునో మనకు తెలుసు.

ఇది ఒక్క వ్యక్తి కథ అనుకుంటే పొరపాటు. ఇంగ్లండులో క్రికెట్ ఆడి పొట్టపోసుకునేవాణ్ణి ఆటగాడనీ, డబ్బు అవసరం లేకుండా ఆడేవాణ్ణి పెద్దమనిషి అనీ రెండు జాతులుగా విభజించారు. కెప్టెన్సీ పెద్దమనుషుల సొత్తు. 20వ శతాబ్దంలో ఒక వృత్తి ఆటగాడు ఇంగ్లండు జట్టుకు కెప్టెన్ కావడం 1952లో లెన్ హటన్‌తో గాని సాధ్యపడలేదు. ఆ విభజనను రద్దు చేస్తూ తీర్మానించింది 1962లో. వెస్టిండీస్‌లో ఈ గీత చర్మం రంగు మీద గీశారు. జట్టు నిండా మహా ప్రతిభావంతులైన నల్లవాళ్ళు ఉన్నా, వాళ్ళలో ఒకరిని ఒక సిరీస్ మొత్తానికి కెప్టెన్‌గా నియమించడం 1960 దాకా జరగలేదు. ట్రినిడాడ్‌లో సి.ఎల్.ఆర్. జేమ్స్ అనే మార్క్సిస్టు తన పత్రికలో ఉద్యమం నడిపాడు; అప్పటికి గాని ఫ్రాంక్ వారెల్‌కు ఆ స్థానం దక్కలేదు. వారెల్ కెప్టెన్సీలో మొదటి టెస్టు, 1960 డిసెంబరులో బ్రిస్బేన్‌లో, క్రికెట్ చరిత్రలోనే మొట్టమొదటిసారిగా సమంగా ముగిసింది. నల్లవాడికి నాయకత్వ లక్షణాలు లేవని అంతకుముందు చెప్పినవాళ్ళు తమ మాటను ఎక్కడ దాచుకున్నారో తెలియదు.

మన దేశంలో గీత గీసింది కులం. పల్వంకర్ బాలూ చర్మకార కులంలో పుట్టిన గొప్ప స్పిన్ బౌలర్. పూనాలో దొరల క్లబ్బులో మైదానం పనివాడుగా చేరి, దొరలకు బంతులు వేసి ఆట పట్టుబడినవాడు. 1911లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు నూరుకు పైగా వికెట్లు తీసి పెట్టాడు. బొంబాయి పోటీల్లో హిందువుల జట్టుకు అతని బౌలింగు కావాలి, అతని కెప్టెన్సీ మాత్రం అక్కర లేదు. ఎంతో ఆందోళన జరిగిన మీదట 1923లో అతని తమ్ముడు విఠల్‌కు ఆ కెప్టెన్సీ దక్కింది. భారతం చదువుకున్నవాళ్ళకు ఇది కొత్త కథ కాదు. కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుణ్ణి విల్లు ఎక్కుపెట్టమనలేదు, కులగోత్రాలు చెప్పమన్నారు. ఏకలవ్యుడి గురి చూచి ముచ్చటపడలేదు, బొటనవేలు అడిగారు. ఆ వేలు పుచ్చుకున్న గురువు పేరు మీదనే 1985 నుంచి మన ప్రభుత్వం ఉత్తమ శిక్షకులకు పురస్కారం ఇస్తున్నది! శిష్యుడు ప్రశ్నించకుండా వేలు కోసి ఇవ్వడమే మనం ఆదర్శంగా పెట్టుకున్న గురుశిష్య సంబంధమన్నమాట.

రాజులు పోయారు, జమీందారీలు పోయాయి, ఇప్పుడు ఇవన్నీ ఎందుకని కొందరు అడగవచ్చు. పోయినవి గద్దెలు; గద్దెల మీద కూర్చునే పద్ధతి పోలేదు. 2023 సంగతి చూడండి. వినేశ్ ఫోగాట్, సాక్షీ మలిక్, బజరంగ్ పునియా — దేశానికి అంతర్జాతీయ పతకాలు తెచ్చిన ముగ్గురు — జనవరిలో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. రెజ్లింగ్ సమాఖ్య అప్పటి అధ్యక్షుడు మహిళా మల్లయోధులను లైంగికంగా వేధించాడన్నది వాళ్ళ ఆరోపణ. ఆయన కాదన్నాడు. నిజానిజాలు తేల్చడం న్యాయస్థానం పని. నేను ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. నేను చూపదలచింది వేరే. చట్టం ప్రకారం ఉండవలసిన అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఆ సమాఖ్యలో సరిగా ఏర్పాటు కాలేదని ప్రభుత్వం నియమించిన పర్యవేక్షక సంఘమే గుర్తించింది. ఫిర్యాదు చేసుకునే చోటే లేనప్పుడు వాళ్ళు వీధికి రాక ఎక్కడికి పోతారు? ఏప్రిల్‌లో మళ్ళీ దీక్షకు కూర్చుని, సుప్రీంకోర్టు తలుపు తట్టిన తరువాత గాని పోలీసులు కేసు నమోదు చెయ్యలేదు. అప్పుడు భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలు పి.టి. ఉష — తాను స్వయంగా మహా క్రీడాకారిణి — వాళ్ళు వీధికెక్కడం క్రమశిక్షణారాహిత్యమన్నారు. కొద్ది రోజులకు ఆమే దీక్షాస్థలికి వెళ్ళి వాళ్ళను పలకరించారు, అదీ చెప్పాలి. కాని మొదట నోటికి వచ్చిన మాట ఏమిటి? క్రమశిక్షణ! అమరనాథ్‌కు 1936లో చెప్పిన మాటే, మా కబడ్డీ పిల్లకు చెప్పిన మాటే. మే 28న కొత్త పార్లమెంటు భవనం ప్రారంభమవుతున్న రోజున అటువైపు నడవబోయిన మల్లయోధులను పోలీసులు ఈడ్చి వ్యానులెక్కించారు. డిసెంబరులో సాక్షీ మలిక్ కుస్తీకి స్వస్తి చెప్పింది.

నేనంటాను, భారత క్రీడారంగంలో మన కాలంలో కనిపించిన అసలైన నాయకత్వం అదే. తమ పతకాలూ, తమ భవిష్యత్తూ పణంగా పెట్టి తమకంటే చిన్నపిల్లల పక్షాన నిలబడ్డారు. ఒకరి వెనక ఒకరు కాక ముగ్గురూ పక్కపక్కనే కూర్చున్నారు. ఫిర్యాదు చేశారు. నాయకత్వ శిబిరాల మూడు సూత్రాల్లో ప్రతి ఒక్కదానినీ ఉల్లంఘించారు. ఆ శిబిరాల్లో వీళ్ళ పేర్లు ఉదాహరణగా చెప్పగలరా? చెప్పలేకపోతే వాళ్ళు నేర్పుతున్నది ఏ నాయకత్వం?

విధేయత బాగా నేర్పితే పతకాలు వస్తాయి గదా అని ఒక వాదం ఉంది. వస్తాయి. అమెరికా జిమ్నాస్టిక్స్‌లో అట్లాగే వచ్చాయి. నొప్పి అనకుండా, ఎదురు చెప్పకుండా, ఇంటివాళ్ళకు దూరంగా ఉంటూ సాధన చెయ్యడానికి అలవాటు పడిన ఆడపిల్లలు ఆ దేశానికి ఎన్నో బంగారు పతకాలు తెచ్చారు. ఆ అలవాటు మాటున లారీ నాసర్ అనే జట్టు వైద్యుడు చికిత్స పేరుతో ఏళ్ళ తరబడి వాళ్ళను చెరిచాడు. 2018 జనవరిలో మిషిగన్ రాష్ట్రపు కోర్టులో 150 మందికి పైగా స్త్రీలు ఒకరి తరువాత ఒకరు లేచి తమకు జరిగింది చెప్పారు. కొందరు పిల్లలు ముందే చెప్పుకున్నారు, పెద్దలు నమ్మలేదు. నోరు విప్పని పిల్లలను తయారు చేసుకున్న క్రీడావ్యవస్థ ఎవరికి స్వర్గమో అక్కడ తేలింది. కనుక ఇది ఆదర్శాల చర్చ కాదు. పిల్లల శరీరాలకూ ప్రాణాలకూ సంబంధించిన విషయం.

ఇక రెండు ఆక్షేపణలకు సమాధానం చెప్పాలి. మొదటిది: ప్రతివాడూ ప్రశ్నిస్తే క్రమశిక్షణ ఏమవుతుంది? క్రమశిక్షణ లేకుండా ఆట లేదు. ఆ మాట నేనూ అంటాను. అయితే అది రెండు రకాలు. ఒకటి భయం వల్ల వచ్చేది, రెండవది పనిని అర్థం చేసుకోవడం వల్ల వచ్చేది. రెండవదానికి ఉదాహరణ హైదరాబాదులోనే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిపంతులు. 1950 నుంచి 1963లో మరణించేదాకా భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆయనే శిక్షకుడు. ఆయన కాలంలో మన జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో బీద ఇంట పుట్టిన తులసీదాస్ బలరామ్ వంటివాళ్ళు ఆ జట్టులో ఆడారు. రహీమ్ మెత్తనివాడు కాదు, మహా కఠినుడు. కాని ఆయన కాఠిన్యం పాఠం విషయంలో. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడినప్పుడు కుర్రాళ్ళ మనోబలం తక్కువైందని ఉపన్యాసాలివ్వలేదు. బూట్లు లేకుండా ఆడించడమే తప్పని గ్రహించారు, బూట్లు తప్పనిసరి చేశారు. ఓటమికి కారణం మనస్సులో గాక పాదాల దగ్గర కనిపించింది! 1962లో జకార్తాలో రక్షణ స్థానంలో ఆడే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, సెమీ ఫైనల్లోనూ ఫైనల్లోనూ అతన్ని ముందు వరుసలో ఆడించారు. రెండింటిలోనూ అతను గోలు కొట్టాడు. ఒక స్థానంలో ఆడేవాడు మొత్తం ఆటను ఎరిగి ఉంటేనే ఇది సాధ్యం. చెప్పింది చేసేవాడు తన స్థానం ఒక్కటే నేర్చుకుంటాడు. ఆట మొత్తం తెలిసినవాడు ఏ స్థానంలోనైనా బాధ్యత నెత్తిన వేసుకుంటాడు. నాయకత్వానికి మొదటి మెట్టు అదే.

రెండవ ఆక్షేపణ: ఆటగాళ్ళ చేతికి నిర్ణయాలు ఇస్తే జట్టు చెడిపోతుంది. దీనికి బ్రెజిల్ దేశం జవాబు చెప్పింది. సైనిక నియంతృత్వం ఇంకా నడుస్తున్న రోజుల్లో, 1982 ప్రాంతాన, సావో పాలో నగరపు కొరింథియన్స్ ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్ళూ సిబ్బందీ ప్రతి విషయాన్నీ ఓటు వేసి తేల్చుకునే పద్ధతి పెట్టుకున్నారు. సాధన ఎన్ని గంటలకు, పోటీకి ముందు ఆటగాళ్ళను హోటల్లో నిర్బంధించాలా వద్దా — అన్నీ ఓటుకే. దేశం తరఫున ఆడే సోక్రటీస్ ఓటూ, బట్టలూ బూట్లూ చూచుకునే పనివాడి ఓటూ సమానం. పందొమ్మిదేళ్ళ కాసాగ్రాండే ఓటూ అంతే. సోక్రటీస్ చదువుకున్న వైద్యుడు. క్లబ్బు ఫుట్‌బాల్ వ్యవహారాలు చూచిన ఆడిల్సన్ మోంతేరో ఆల్వెస్ సమాజశాస్త్రం చదివినవాడు. 1982 నవంబరు 15న జరిగే ఎన్నికల్లో ఓటు వెయ్యండని జెర్సీల మీద వ్రాసుకుని మైదానంలోకి దిగారు. జట్టు చెడిపోయిందా? 1982, 1983 — వరుసగా రెండేళ్ళు సావో పాలో రాష్ట్ర విజేతలు వాళ్ళే. వాళ్ళు వృత్తి ఆటగాళ్ళు, మనవాళ్ళు విద్యార్థులు, తేడా ఉంది. పదమూడేళ్ళ పిల్ల తన సాధన ప్రణాళిక తానే వ్రాసుకోవాలని నేననడం లేదు. కాని తన మోకాలు నొప్పిగా ఉందని చెప్పే హక్కు ఏ వయస్సులోనైనా ఉంది. తన జట్టుకు కెప్టెన్ ఎవరో చెప్పే తెలివి ఆ వయస్సుకు ఉంది. తన భోజనం డబ్బు లెక్క చూచే చదువు గూడా ఉంది.

ఇక్కడ అభ్యుదయ విద్యార్థి సంఘాల గురించి ఒక మాట చెప్పక తప్పదు. మెస్సు బిల్లు మీద, ఉపకార వేతనాల మీద ఉద్యమాలు నడిపే ఈ సంఘాలు మైదానం వైపు తిరిగి చూడవు. ఆటలు జనాన్ని మభ్యపెట్టే సాధనాలని ఒక తేలిక మాట అనేసి, అక్కడ చెమటోడుస్తున్న బీద విద్యార్థిని అకాడెమీ యజమానికీ, సమాఖ్య పెద్దకూ వదిలిపెట్టారు. జేమ్స్ క్రికెట్‌ను వదల్లేదు. అందుకే వారెల్ కెప్టెన్ అయ్యాడు. పైగా కొన్ని సంఘాల్లో గూడా ఉపన్యాసం ఇచ్చేది ఒకరే, జెండా మోసేది తక్కినవాళ్ళు. ఆ అలవాటు ఉన్నంతకాలం శిబిరాల మొదటి సూత్రాన్ని విమర్శించే అర్హత వాళ్ళకు పూర్తిగా రాదు.

అయితే ఏమి చెయ్యాలి? విమర్శించి ఊరుకుంటే చాలదు గనుక, మన చేతిలో ఉన్నవి చెబుతాను. కెప్టెన్‌ను ఆటగాళ్ళే రహస్య ఓటుతో ఎన్నుకోవాలి. సాధనలో మాత్రం వారానికొకరు చొప్పున అందరూ ఆ బాధ్యత మోయాలి. ఎంపికకు ప్రాతిపదిక ఏమిటో ముందే వ్రాసి గోడకు అంటించాలి. దినభత్యం లెక్క, ప్రయాణం లెక్క దాని పక్కనే అంటించాలి. పోటీ అయిన తరువాత జరిపే సమీక్షలో అందరికంటే చిన్నవాళ్ళు మొదట మాట్లాడాలి, శిక్షకుడు చివర మాట్లాడాలి. పెద్దవాడు మొదట నోరు తెరిస్తే తక్కినవాళ్ళు అతని మాటే తిప్పి చెబుతారని ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 చట్టం, పనిచేసేచోట స్త్రీల రక్షణ కోసం వచ్చిన 2013 చట్టం ఏమి చెబుతున్నాయో ప్రతి జట్టుకూ తెలుగులో వివరించాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2015లో చేసిన నిబంధనల ప్రకారం, ఫిర్యాదు విద్యార్థులకు సంబంధించినదైతే కళాశాల కమిటీలో ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు గూడా కూర్చోవాలి. మీ కళాశాలలో ఆ ఎన్నిక ఎప్పుడు జరిగిందో అడిగి చూడండి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం జాతీయ సమాఖ్యల్లో క్రీడాకారుల కమిటీలు ఉండాలన్నది. మల్లయోధులు వీధిలో కూర్చోకపోతే ఈ పాటి మాట చట్టంలోకి ఎక్కేదని నేననుకోను. కాని అది ఢిల్లీలో ఉన్న సమాఖ్యల సంగతి. జిల్లా కేంద్రంలోని క్రీడా వసతిగృహంలో, మండలంలోని కళాశాల మైదానంలో అటువంటి కమిటీ ఏర్పరచవలసింది అక్కడి విద్యార్థులూ ఉపాధ్యాయులే.

తెలుగు అధ్యాపకులకు ఇందులో ప్రత్యేకమైన పని ఉంది. మన విద్యార్థులు ఛందస్సులో గణాలు విడదీయగలరు గాని, తమకు జరిగిన అన్యాయాన్ని తేదీతో సహా, సాక్షుల పేర్లతో సహా పది వాక్యాల్లో అర్జీగా వ్రాయలేరు. అది నేర్పడానికి ఏ వ్యక్తిత్వ వికాస నిపుణుడూ అక్కర లేదు. సంతకం ఒకరిదే అయితే ఆ ఒకరిని తొలగిస్తారు. పన్నెండు మందీ సంతకం చేస్తే ఎవరిని తొలగిస్తారు? ఈ చిన్న లెక్క అర్థమైన జట్టుకు నాయకత్వం సగం వచ్చినట్టే.

కబడ్డీలో ఒక నియమం ఉంది. అవతలి గడిలోకి వెళ్ళినవాడు కూత ఆపకూడదు, ఆపితే అవుటు. మన ఆటగాళ్ళు ఎదిరి జట్టు ముందు ఊపిరి బిగబట్టి కూత పెట్టగలరు, కార్యాలయం గది ముందు గొంతు పెగల్చలేరు. ఆ గొంతు పెగిలే పరిస్థితులు కల్పించడమే నాయకత్వ శిక్షణ. తక్కిన శిబిరాలన్నీ మూసివేసి, ఆ డబ్బు పిల్లల భోజనానికి ఖర్చు పెట్టండి. కనీసం ఆట బాగుపడుతుంది.